ఎనిమిదో గడిలో పేరు

మా బృందంలో కొత్తగా చేరేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "సార్, పూర్వీకుల పేర్లు ఏ వెబ్‌సైటులో వెతకాలి?" నేను, "మీ ఇంటి అటక మీద" అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. అప్పుడు వాళ్ళకు అనుమానం వస్తుంది, ముసలాయన నిజంగానే అంటున్నాడేమోనని. నిజంగానే అంటున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా నేను రికార్డు రూములో పనిచేశాను. చేరినప్పుడు అది తాలూకా ఆఫీసు. తర్వాత మండలాలు వచ్చి బోర్డు మారింది. గది మాత్రం మారలేదు, దుమ్ము మారలేదు, నేనూ మారలేదు. రిటైరయ్యాక తిరుపతిలో కుటుంబ చరిత్రలు వెతికి, రాసి, భద్రపరిచే ఒక చిన్న బృందంలో చేరాను. నెలకొక ఆదివారం ఒక కల్యాణ మండపం వెనక గదిలో కలుస్తాం. ఆ రోజు ముహూర్తం ఉంటే మెట్ల మీద కూర్చుంటాం. జీతం ఉన్నప్పుడు చేసింది, జీతం లేకుండా చేస్తున్నది, రెండూ నాకు ఒకే ఉద్యోగం. చచ్చిపోయినవాళ్ళ పేర్లు బతికున్నవాళ్ళకు అందించడం.

ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఏ సంవత్సరం ఏ ఊరికి బదిలీ అయింది వంటివి ఇక్కడ రాయను. అవి నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. నాకు పని నేర్పిన సంగతులు కొన్ని, నేను చేసిన ఒక తప్పు, ఇవే రాస్తాను. ఆ తప్పు రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

లేదని ఎవరు చెప్పినారు?

నా మొదటి సూపరింటెండెంటు మంచివాడేమీ కాదు. పొడుం పీల్చేవాడు, నోరు చెడ్డది, కింది ఉద్యోగులను పురుగుల్లా చూసేవాడు. కానీ కాగితాన్ని మాత్రం పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకునేవాడు.

చేరిన కొత్తలో సత్యవేడు వైపునుంచి ఒక రైతు వచ్చాడు. తన తాత పేరున్న పాత అడంగలు, అంటే పొలం సాగు లెక్క, కావాలన్నాడు. పొద్దునంతా వెతికి, దొరక్క, అర్జీ వెనక "రికార్డు లేదు" అని రాసి ఇచ్చాను. సూపరింటెండెంటు అది చూసి కాగితం నా ముఖాన కొట్టాడు.

"లేదని నీకెవురు సెప్పినారబ్బా? తాతే వచ్చి సెప్పినాడా? నీకు దొరకలేదు. అట్లా రాయి."

రెండూ ఒకటే కదా అని నేను గొణిగాను. మరునాడు నన్ను పక్కన నిలబెట్టుకుని తనే కట్టలు విప్పాడు. మధ్యాహ్నానికి ఆ అడంగలు పక్క ఊరి కట్టలో దొరికింది. ఎవరో ఎప్పుడో తిరిగి కట్టేటప్పుడు అందులో చుట్టేశారు. ఆ రైతు తాత పేరు మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. చదవడం రాదు ఆయనకు. ఏది తాత పేరో మేం చూపిస్తే దాన్నే తడిమాడు.

ఆ రోజునుంచి "లేదు" అని రాయడం మానేశాను. "దొరకలేదు" అనే రాశాను. అదొక్కటే చాలనుకున్నాను. చాలదని తెలియడానికి రిటైరయ్యేదాకా పట్టింది.

కాగితం తర్వాత, గిన్నెలు ముందు

కుటుంబ చరిత్ర కావాలని వచ్చేవాళ్ళలో సగం మందికి చరిత్ర అక్కర్లేదు, గొప్ప కావాలి. "మావాళ్ళు కార్వేటినగరం సంస్థానంలో దివానులు, అది కొంచెం పైన రాయండి" అంటారు. నాకు తెలిసి ఇప్పటికి పదకొండు కుటుంబాలు దివానులయ్యాయి. సంస్థానంలో గుర్రాలకు గడ్డి వేసినవాడి మనవడు మాత్రం ఇంతవరకూ ఒక్కడూ రాలేదు. వస్తే కుర్చీ వేసి కూర్చోబెడతాను.

ఏర్పేడు వైపు కాలేజీలో చదివే పిల్లలు కొందరు మా దగ్గరికి వస్తారు. తెలివైనవాళ్ళు. ఫోనులో టపటపా ఫోటోలు తీసుకుని, మధ్యాహ్నం భోజనానికి ముందే లేచిపోతారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ముసలివాళ్ళు అసలు సంగతి మొదటి గంటలో చెప్పరు. రెండోసారి మజ్జిగ ఇచ్చేటప్పుడు చెబుతారు.

మా పద్ధతి ఇది. ఇంటికి వెళ్ళగానే దస్తావేజులు అడగం. అటక మీది పాత గిన్నెలు దించమంటాం. పెళ్ళికీ సీమంతానికీ ఇచ్చిన బిందెల మీద, చెంబుల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టి ఉంటాయి. ఎవరి కూతురు, ఏ ఊరు. కాగితాన్ని చెదలు తింటాయి. ఇత్తడి జోలికి రావు. ఆడవాళ్ళ పేర్లు రిజిస్టర్లలో దొరకవు, ఫలానావారి భార్య అని రాసి వదిలేసేవాళ్ళు. గిన్నెల మీద దొరుకుతాయి.

పేర్లను కూడా వినాలి. ఒక ఇంట్లో నలుగురు అన్నదమ్ముల్లో పెద్దాయన పేరు కుప్పయ్య. మేం గీసిన వంశవృక్షం పటంలో ఆయనే మొదటి సంతానం. నేను వాళ్ళమ్మను, "ఆయనకు ముందు ఎంతమంది పోయారమ్మా?" అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, "ముగ్గురు నాయనా" అంది. పుట్టిన బిడ్డలు దక్కకపోతే ఆ తర్వాతి బిడ్డను చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, తీసుకుని, కుప్పయ్య అనో కుప్పమ్మ అనో పేరు పెట్టడం మా వైపు ఆచారం. ఆ ముగ్గురికీ పటంలో గడులు గీశాం. పేర్లు లేవు. ఆమె ఆ ఖాళీ గడులను చూసి చాలాసేపు ఏడ్చింది, తర్వాత మాకు అన్నం పెట్టింది.

ఇవన్నీ నాకు తెలుసు. ఇతరులకు పాఠాలు చెప్పేంతగా తెలుసు. అందుకే ఇప్పుడు రాయబోయేది రాయడానికి సిగ్గుగా ఉంది.

మంగమ్మ అడిగింది

సత్యవేడు దగ్గర పల్లె. మంగమ్మకు అప్పటికే ఎనభై దాటాయి. కళ్ళు సరిగా కనబడవు. ఆమె కొడుకు మునస్వామి మా బృందం గురించి ఎవరో చెబితే విని, తిరుపతికి వచ్చి నన్ను పిలుచుకుపోయాడు.

మంగమ్మ సంగతి ఇది. ఆమెను కన్న తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి ఏడాది తిరక్కుండా రత్నమ్మ అనే ఆవిడను చేసుకున్నాడు. రత్నమ్మకు పిల్లలు కలగలేదు. మంగమ్మనే కడుపున పుట్టిన బిడ్డలా పెంచింది, దూరం పంపలేక ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకుంది. మంగమ్మ తనకు యాభయ్యేళ్ళు వచ్చేవరకు రత్నమ్మే కన్నతల్లి అనుకుంది. రత్నమ్మ చచ్చిపోయిన రోజున, శవం మీద పడి ఏడుస్తూ ఒక ముసలి బంధువు నోరు జారింది. "కడుపున పుట్టకపోయినా కన్నబిడ్డ మాదిరి సాకితివి కదమ్మా" అని.

మంగమ్మ ఆ బంధువును పట్టుకుని అడిగింది. ఆమెకు తెలిసింది కొంచెమే. మొదటామెను అందరూ ఊతుకోట ఆమె అనేవాళ్ళట. ఊతుకోట సరిహద్దుకు అవతలి తమిళ ఊరు. మా వైపు కోడళ్ళను పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు, అసలు పేరు వాడుకలో ఉండదు. కూతురు పోయాక ఆ పుట్టింటివాళ్ళు తేయాకు తోటల పనికి ఎటో వెళ్ళిపోయారు. రాకపోకలు లేవు.

"నా కడుపున పుట్టినోళ్ళకు నా పేరు తెలుసు. నన్ను కన్నామె పేరు నాకు తెలీదు. ఇదేం బతుకప్పా?" అంది మంగమ్మ నాతో. "నేనింక పొయ్యేదాన్ని. పోతే ఆడ ఆమెను ఏమని పిలుసుకోవాల? అమ్మా అంటే ఆడుండే అమ్మలందరూ తిరిగి సూస్తారు."

ఆమె నవ్వుతూనే అంది.

రెండు రోజులు ఉన్నాను. ఇంట్లో ఉన్న దస్తావేజులన్నీ చదివాను. అన్నిటిలో రత్నమ్మే. అటక మీది గిన్నెలు దించి ఒక్కొక్కటి తిప్పి చూశాను. అన్నీ రత్నమ్మ పుట్టింటివి, మంగమ్మ పెళ్ళివి. రత్నమ్మ తాళి పక్కన చిన్న వెండి బిళ్ళ ఒకటి ఎప్పుడూ ఉండేదని మంగమ్మ చెప్పింది. రెండో పెళ్ళిగా వచ్చిన ఆడది చనిపోయిన మొదటామె గుర్తుగా వేసుకునే బిళ్ళ అది. మొదటామె ఒకరు ఉండేదని తెలుస్తోంది, ఆమె ఎవరో తెలియడం లేదు.

మా ఫారంలో ఎనిమిది గడులు. ఆ ఫారం నేనే తయారుచేశాను, దాని మీద నాకు కొంచెం గర్వం కూడా. మొదటిది తల్లి పేరు. చివరిది, ఎనిమిదోది, ఇంటి దేవత. లేచేముందు అది అడిగాను.

మంగమ్మ నన్ను వంటింటి మూలకు తీసుకుపోయింది. అక్కడ పీట మీద ఒక ఇత్తడి చెంబు. ఏళ్ళ తరబడి పూసిన పసుపు గోడ సున్నంలా పొరలు కట్టి ఉంది.

"మా ఇంటి తల్లి, సెల్లమ్మ. ఏటా ఆడి నెలలో, అదే ఆషాడంలో, ఈ సెంబుకు కొత్త చీర పెట్టి మొక్కుతాం. మా యమ్మ రత్నమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమే పెట్టింది. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఆ చీర ఇంటాడబిడ్డ కట్టుకోవాల. నేనే కట్టుకునేది."

నేను చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాను. ఎనిమిదో గడిలో "చెల్లమ్మ తల్లి" అని రాశాను. మొదటి గడిలో "దొరకలేదు" అని రాశాను. నెల తర్వాత పటం అందంగా అచ్చు వేయించి పంపాం.

మా సూపరింటెండెంటు చెప్పిన మాట తప్పలేదని అప్పుడు నాకు తృప్తిగా ఉండింది. "దొరకలేదు" అంటే మళ్ళీ వెతకాలి అని అర్థం. నేను దాన్ని ఫైలు మూసే ముద్రగా వాడుకున్నాను.

ఇంకొక ఇంటి దేవత

రెండేళ్ళ తర్వాత కార్వేటినగరం దగ్గర ఒక ఇంటికి వెళ్ళాను. డెబ్బయ్యేళ్ళ పెద్దాయన. దివాను మాట ఎత్తలేదు, అందుకే నాకు నచ్చాడు. ఫారం నింపుతూ చివరి గడి దగ్గర, "మీ ఇంటి దేవత ఎవరు?" అని అడిగాను.

"మా అవ్వకు అక్క" అన్నాడు.

నేను కలం ఎత్తి ఆయన ముఖంలోకి చూశాను. "దేవతను అడుగుతున్నానండీ."

"నేనూ ఆమెనే సెబ్తా ఉండా. మా తాత ముందు సేసుకున్నామె. పెండ్లయిన ఏడాదికే పసుపు కుంకుమతో పోయింది. అట్లా పోయినామెను ఇంట్లో పెట్టుకుని మొక్కాల కదా? దేవత అంటే పైనుంచి దిగొచ్చిందనుకుంటివా సార్? మా ఇంట్లో అన్నం తిన్నామెనే."

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం మంగమ్మ వంటింటి మూలలోని చెంబు గుర్తొచ్చింది. ఈ ఆచారం నాకు తెలియనిది కాదు. మా మేనత్త ఇంట్లో కూడా అలాంటి మొక్కు ఉంది. కానీ నేనే గీసిన ఫారంలో మనుషులకు ఒక చోటు, దేవతకు ఒక చోటు పెట్టుకున్నాను. గీత గీసింది నేను, ఆ గీత దాటి చూడనిది నేను. అటక మీది ప్రతి గిన్నెనూ తిప్పి చూసినవాణ్ణి, పీట మీది చెంబుకు దండం పెట్టి వచ్చేశాను.

బస్సులో కూర్చుని మునస్వామికి ఫోన్ చేశాను. మొదట అడిగింది, అమ్మ ఎలా ఉంది అని. "ఉండాది సార్. మంచం మీదనే ఎక్కువ" అన్నాడు. ప్రాణం లేచివచ్చింది.

చింతపండు

ఈసారి ఒక్కణ్ణే వెళ్ళలేదు. మా బృందంలో రాజేశ్వరి టీచరు ఉన్నారు, నగరి వైపు తమిళ బడిలో చేసి రిటైరయ్యారు. మొదటామెది ఊతుకోట అయితే, చెంబు ఆమె పుట్టింటిదైతే, దాని మీద అక్షరాలంటూ ఉంటే, తమిళంలోనే ఉంటాయి. ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళాను.

మేం పంపిన పటం గోడకు వేలాడుతోంది. అద్దం మీద, తల్లి పేరు ఉండాల్సిన గడి దగ్గర పసుపు బొట్టు ఒకటి ఎండిపోయి ఉంది. "అమ్మ పండగలకు పెడుతుంది సార్, తడుముకొని" అన్నాడు మునస్వామి. నాకు ఆ పటం దించేయాలనిపించింది.

మంగమ్మ పక్కన కూర్చుని నా తప్పు చెప్పాను. ఆ చెంబును ఒకసారి తోమి చూడాలని అడిగాను. మునస్వామి వెంటనే అడ్డం వచ్చాడు.

"దాన్ని తోమరాదు సార్. మా అవ్వ మరీ మరీ సెప్పి పోయింది. తుడవండి, నీళ్ళు సల్లండి, తోమొద్దండి అని."

"అవును, అట్లే సెప్పింది" అంది మంగమ్మ. ఆమె వద్దంటే లేచి వచ్చేద్దామని రాజేశ్వరి టీచరూ నేనూ దారిలోనే అనుకున్నాం. ఎనభై ఏళ్ళుగా పాటించిన ఆచారాన్ని నా అనుమానం కోసం చెరపమనడానికి నాకేం హక్కుంది?

చివరికి ఆమె లేచి కూర్చుంది. "సింతపండు తేరా. నేనే తోముతా. ఏమన్నా అయితే నాకే కానీ."

పెరట్లో పీట వేశారు. ఆమె చెంబును ఒళ్ళో పెట్టుకుంది. నానిన చింతపండు, ఉప్పు కలిపి రుద్దింది. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. మునస్వామి నీళ్ళు పోశాడు. ఆమె మళ్ళీ రుద్దింది. చెంబును మమ్మల్ని ముట్టనివ్వలేదు. నేను ఇత్తడి మీదే చూపు పెట్టుకుని కూర్చున్నాను. నాకంటే ముందు ఆమె వేళ్ళకే తెలిసింది.

"ఈడ ఏందో గరుగ్గా తగులుతా ఉండాదప్పా."

మెడ కింద, చుట్టూ, చుక్కల అక్షరాలు. రాజేశ్వరి టీచరు కళ్ళజోడు సరిచేసుకుని చెంబును ఎండకు తిప్పారు. ముందు తమిళంలో తనలో తాను చదువుకున్నారు. తర్వాత మంగమ్మ చెయ్యి పట్టుకుని తెలుగులో చెప్పారు.

"ఊతుకోట పొన్నుసామి కూతురు సెల్లమ్మ."

మునస్వామి తను పోస్తున్న నీళ్ళ ముంతను చేతిలోంచి జారనిచ్చాడు, నీళ్ళు ఒలికాయి. మంగమ్మ చెంబును మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పింది, ఇంకో చుట్టు తిప్పింది. చదువు రాదు ఆమెకు. నా ఉద్యోగం మొదట్లో తాత పేరును తడిమిన రైతు గుర్తొచ్చాడు.

రత్నమ్మ ఆ చెంబును ఎందుకు తోమొద్దందో నాకు తెలియదు. బిడ్డకు తెలియకుండా దాచాలని కావచ్చు. పేరు అరిగిపోకుండా కాపాడాలని కావచ్చు. రెండూ కావచ్చు కూడా. అది సవతి పేరని కూతురికి చెప్పలేదు, సవతికి చీర పెట్టడం ఒక్క ఏడూ మానలేదు. అలాంటి మనిషిని తప్పుపట్టేంత వయసు నాకింకా రాలేదు.

మంగమ్మ మాట్లాడింది. నా వైపు తిరిగి కాదు, చెంబు వైపే.

"మా యమ్మ రత్నమ్మ పోయినాక ముప్పై ఏండ్లుగా ఈ సెంబుకు నేనే చీర పెడతా ఉండా. పెట్టిన ప్రతిసారీ ఒకటే అడిగినానప్పా. బంగారం అడగలా, ఆరోగ్యం అడగలా. సెల్లమ్మ తల్లీ, నన్ను కన్నామె పేరేందో సెప్పు తల్లీ అని అడిగినా. ఆమెనే అడిగినా."

రాజేశ్వరి టీచరు కొంగుతో ముఖం కప్పుకున్నారు. నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏమీ లేదు.

తర్వాత సంచిలోంచి ఫారం తీశాను. చేతనైంది అదొక్కటే కదా. మొదటి గడిలో "దొరకలేదు" కొట్టేసి "చెల్లమ్మ" అని రాశాను. రాసింది పైకి చదివి ఆమెకు వినిపించాను. ఎనిమిదో గడిలో అదే పేరును కొట్టేయబోతూ, ఇది పొరపాటున ఇక్కడ రాశానమ్మా, తీసేస్తున్నాను అన్నాను.

మంగమ్మ చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

"దాన్నెందుకు కొట్టేస్తావప్పా? ఆడ కూడా ఉండనీ."

ఆమె ఆ తర్వాతి ఆడి నెల చూసింది, చీర పెట్టింది, కట్టుకుంది. ఇప్పుడు లేదు. ఆమె కుటుంబం ఫారం మా బీరువాలో మూడో అరలో ఉంది. అందులో ఒకే పేరు రెండు గడుల్లో కనబడుతుంది, తల్లి దగ్గర ఒకసారి, దేవత దగ్గర ఒకసారి. మన బృందంలో కొత్తగా చేరే మీలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు అది చూసి, రాసినవాడి పొరపాటు అనుకుని, దిద్దడానికి కలం తీస్తారు. దిద్దకండి.